ఒడి నింపి అడిగిన మాట

2023 ఫిబ్రవరి 12, ఆదివారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా అమ్మాయి ఖైరతాబాద్ నుంచి ఆటోలో వచ్చి మా మెట్లెక్కింది. చేతిలో మూత బిగించిన స్టీలు డబ్బా, చంకలో సుల్తాన్ బజార్‌లో కొన్న చీర. టైము ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, ఆదివారం పదకొండింటికి నేను గోడగడియారాన్ని దించి, తుడిచి కీ ఇస్తాను. అది మా నాన్నగారిది. 1956లో ఆయన ఉద్యోగం కర్నూలు నుంచి ఇక్కడికి మారినప్పుడు ట్రంకుపెట్టెలో బట్టల మధ్య చుట్టి తెచ్చారు. నాంపల్లి స్టేషన్ వెనక ఉన్న ఈ ఇల్లూ ఆయన కొన్నదే. కీ ఇవ్వడం ఇంకా పూర్తికాలేదు. అమ్మాయి ఆయాసపడుతూ, "అమ్మా, పీట ఎక్కడుంది?" అంది.

గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో నేను ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. తేదీ వెయ్యని కాగితం ముట్టుకునేదాన్ని కాదు. ఇప్పటికీ పాలవాడు ఏ రోజు మానేశాడో, ఇంటి పన్ను ఏ రోజు కట్టానో నన్నడిగితే చెప్తాను. పిల్లలిద్దరూ ఈ విషయంలో నన్ను ఆటపట్టిస్తారు. ఇది రాయడానికి కారణం కూడా అదే. ఈ సంగతిని మా ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోచోట మొదలుపెట్టి చెప్తున్నారు. కొందరికి లాయరు దగ్గర మొదలైంది, కొందరికి నేను నోరు తెరిచిన రోజున. మొదలైంది మాత్రం ఆ ఆదివారం, ఆ పీట మీద.

ఇంట్లో నేను, అబ్బాయి, కోడలు, వాళ్ళ ఆరేళ్ళ పాప ఉంటాం. అబ్బాయిది రైల్వే ఆఫీసులో ఉద్యోగం. కోడలిది మెదక్ దగ్గర పల్లె. ఆబిడ్స్‌లో ఒక కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. వాళ్ళ పరిచయమూ అక్కడే. మావాడు ఒకే నెలలో నాలుగుసార్లు విరిగిన ఫ్రేము పట్టుకుని అదే షాపుకు పోతుంటే నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

అమ్మాయి పెద్దది. అప్పటికి దానికి ముప్పై ఎనిమిది. మూడు కడుపులు పోయాయి. 2021 ఆగస్టులో మూడోది ఏడో నెలలో పోయినప్పుడు రక్తం ఆగక గర్భసంచి తీసేశారు. తర్వాత ఒక పెద్ద డాక్టరు దగ్గర అండాలు తీయించుకున్నారు, నాలుగు పిండాలు భద్రపరిచి ఉన్నాయి. మోసేవాళ్ళు లేరు. డబ్బిచ్చి మోయించుకోకూడదని అప్పటికే చట్టం వచ్చింది. పెళ్ళై, సొంత బిడ్డ ఉండి, ఇరవై అయిదుకీ ముప్పై అయిదుకీ మధ్య వయసున్న స్త్రీ ఎవరైనా తన ఇష్టంతో, పైసా తీసుకోకుండా మోయాలి. మాకు తెలిసినవాళ్ళలో అవన్నీ కుదిరింది ఒక్క కోడలికే. దానికి ముప్పై ఒకటి. ఈ లెక్క అందరి మనసులోనూ ఉంది, నా మనసులోనూ ఉంది. ఎవరమూ పైకి అనలేదు.

అమ్మాయి డబ్బా మూత తీసింది. పసుపు కలిపిన బియ్యం, పైన ఎండుకొబ్బరి కుడుకలు, పోకచెక్కలు.

మా పెద్దలది కోస్తా. ఒడిబియ్యం ఈ తీరులో మా ఇళ్ళలో లేదు. ఇక్కడి ఇళ్ళలో పెళ్ళైన కూతుర్ని పుట్టింటివాళ్ళు కొన్నేళ్ళకోసారి పిలిచి, కొత్తచీర పెట్టి, పసుపు బియ్యం ఒడిలో పోస్తారు. ఆమె వాటిని అత్తింటికి తెచ్చుకుని వండి నలుగురికీ పెడుతుంది. మా కోడలికి వాళ్ళమ్మ పోసినప్పుడు మేమందరం వెళ్ళి చూశాం. అమ్మాయి అప్పుడు చాలా ముచ్చటపడింది. అదే గుర్తుపెట్టుకుంది.

"ఏంది వదినా ఇది?" అంది కోడలు నవ్వుతూ.

"ఎప్పుడూ మీ అమ్మగారేనా? ఈసారి ఆడపడుచు పోస్తుంది. కూర్చో."

కోడలు నా వంక చూసింది. అభిమానంతో చేస్తోంది గదా అని నేనూ నవ్వాను. అది తూర్పుముఖంగా పీట మీద కూర్చుని కొంగు పరిచింది. అమ్మాయి బొట్టు పెట్టి దోసిళ్ళతో బియ్యం పోసింది. పైన కుడుకలు పెట్టింది, చీర పెట్టింది. ఆ తర్వాత వంగి కోడలి పాదాలు పట్టుకుంది.

వయసులో పెద్దది, ఇంటి ఆడపడుచు. మా ఇళ్ళలో ఎక్కడా అలా జరగదు. కోడలు ఉలిక్కిపడి కాళ్ళు వెనక్కి లాక్కోబోయింది. కానీ ఒడి నిండా బియ్యం. ఒడిలో పోసింది నేల మీద చిందించకూడదు.

"నా బిడ్డని మోసిపెట్టు తల్లీ. నేనింకెవర్నీ అడగలేను."

కోడలు రెండు చేతులా కొంగు పట్టుకుని అలాగే ఉంది. దాని గోళ్ళు తెల్లబడటం చూశాను.

"లెవ్వుండ్రి వదినా. గట్ల కాళ్ళు పట్టుకోకుండ్రి. ఔ, ఔ... ముందు లెవ్వుండ్రి."

అమ్మాయి లేచి దాన్ని వాటేసుకుని భోరుమంది. అబ్బాయి కళ్ళు తుడుచుకుని ఆబిడ్స్‌కి వెళ్ళి కోవా తెచ్చాడు. నేను కూడా ఏడ్చాను. సంతోషంతోనే. మధ్యాహ్నం అందరూ కలిసి భోంచేశాం. కోడలు బియ్యాన్ని తిరిగి డబ్బాలో పోసి వంటింటి పై అరలో పెట్టింది. "రేపు వండుత అత్తమ్మా" అంది. మర్నాడు వండలేదు. ఆ పై రోజూ వండలేదు.

తర్వాతి ఆదివారం వియ్యపురాలు మెదక్ నుంచి బస్సులో వచ్చింది. అమ్మాయి కూడా ఆ రోజు మా ఇంట్లోనే ఉంది.

"ఒడిబియ్యం పోసిన్రంట గద వదినె!" చెప్పులు విడుస్తూనే అందుకుంది ఆవిడ. "మేం సచ్చినమనుకున్నరా?"

"అమ్మా, జర ఆగు" అంది కోడలు.

"నువ్వాగు. పుట్టింటి బియ్యం తెచ్చుకొని అత్తింట్ల వండుతరు. అత్తింటి బియ్యం అత్తింట్లనే పోస్తే అది ఒడిబియ్యమైతదా? రేషన్ బియ్యమైతది!"

అబ్బాయికి నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు. ఆవిడ నవ్వలేదు.

"తప్పైపోయింది అత్తయ్యగారూ. మీ పద్ధతి మీద గౌరవంతోనే చేశాను" అంది మా అమ్మాయి.

"గౌరవమే బిడ్డా, నేను కాదంటలేను. గౌరవంతోనే నా బిడ్డ కడుపు కిరాయికడిగిన్రు."

"కిరాయి కాదండీ. ఇప్పుడు డబ్బివ్వడం నేరం. ఒక్క పైసా ఇవ్వకూడదు."

"అంటే కిరాయి గుడ లేదా!"

ఈసారి అబ్బాయి కూడా నవ్వలేదు. కోడలు తల్లిని వంటింట్లోకి తీసుకుపోయింది. లోపల చాలాసేపు గుసగుసలు. బయటికొచ్చాక ఆవిడ నాతోనే అంది: "నేనొప్పుకున్న అంటుంది నా బిడ్డ. అది ఇష్టపడి చేస్తె నాకేం ఫికర్ లేదు వదినె. పుణ్యమే. కాని నీకిష్టమేనా అని దాన్నెవరన్న అడిగిన్రా ఈ ఇంట్ల?" సాయంత్రం దాకా ఉండమన్నా ఉండలేదు.

ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు. వియ్యపురాళ్ళ దెప్పుళ్ళలో ఒకటనుకున్నాను. కానీ ఆ రాత్రి, ఎన్నడో మరిచిపోయిన ఒక మేడ సంగతి గుర్తుకొచ్చింది.

చట్టం రాకముందు మా ఇంటి పక్కనే, వీధి చివర మూడంతస్తుల మేడ ఒకటి ఉండేది. అందులో అద్దెగర్భం మోసే ఆడవాళ్ళని పెట్టేవారు. సాయంత్రాలు వాళ్ళు మిద్దె మీద తలలారబెట్టుకునేవారు. కిందికి దిగనిచ్చేవారు కాదు. మా మిద్దెకూ వాళ్ళ మిద్దెకూ మధ్య సన్న సందే అడ్డం. బట్టలు తీయడానికి పైకి వెళ్ళినప్పుడు ఒకామెతో మాటలు కలిశాయి. సన్నగా ఉండేది, పొట్ట ఒక్కటే కనపడేది. పుట్టాక బిడ్డని ఎత్తుకోనిస్తారా అని అడిగాను. "ఎత్తుకోనియ్యరమ్మా. ఎత్తుకోకుంటెనే మంచిది, చేతులకు యాదుంటది" అంది. మరి ఇదంతా ఎందుకమ్మా అంటే, "మా ఇంటి మీద రేకులున్నయి. ఈ పైసలతోని స్లాబు పడుతది" అంది. నేను నీతులు చెప్పబోయాను. ఆమె ఆరిన జుట్టు ముడేసుకుని, "అమ్మా, మీది స్లాబేనా?" అని అడిగింది. నేను కిందికి దిగొచ్చాను. చట్టం వచ్చాక ఆ మేడ కుర్రాళ్ళ హాస్టలైంది. కడుపు అద్దెకిచ్చే రోజులు పోయాయి, మంచిదైంది అనుకున్నాను. ఆడదాన్ని లేమి తరిమి అక్కడికి తెచ్చేది, ఇకమీదట ఇష్టమే తెస్తుంది అనుకున్నాను.

ఏప్రిల్ 17, సోమవారం, లాయరు దగ్గరకు వెళ్ళాం. నాంపల్లి కోర్టుకు ఎదుటి సందులో, జిరాక్సు షాపుల పైన ఆవిడ గది. పుట్టబోయే బిడ్డ ఎవరిదన్నది కోర్టు ముందే ఆర్డరు ఇవ్వాలి, ఆసుపత్రి సర్టిఫికెట్లు కావాలి, మోసే ఆమెకి బీమా చేయించాలి. అన్నీ ఓపిగ్గా చెప్పింది. చివర్లో పెన్ను కింద పెట్టి, "ఇష్టపూర్వకంగానే కదా?" అంది.

"ఇష్టంతోనే మేడమ్" అన్నారు అబ్బాయి, అమ్మాయి, అల్లుడు ఒక్కసారే.

"మిమ్మల్ని కాదు."

"ఔ మేడం" అంది కోడలు.

"పిండాన్ని లోపల పెట్టేదాకా మీరు ఎప్పుడైనా వద్దనుకోవచ్చమ్మా. ఆ హక్కు మీకుంది. ఉద్యోగం చేస్తున్నారా?"

"చేస్తున్న. జూన్‌ల కొత్త బ్రాంచి తెరుస్తున్నరు. నన్ను ఇన్‌ఛార్జ్ చేస్తమన్నరు."

ఈ సంగతి మాకెవరికీ తెలీదు. అబ్బాయి ఆశ్చర్యంగా చూసి, "దానికేముంది, ఇంకో ఏడాది తర్వాత చేసుకోవచ్చు" అన్నాడు. లాయరు కాగితాల మీద ఏదో రాసుకుంది.

వాళ్ళు ముగ్గురూ జిరాక్సులకు దిగారు. గబగబా మెట్లు దిగలేనని సాకు చెప్పి నేను కోడల్ని ఆపి, మెల్లగా దింపుకుని, మూలమీది ఇరానీ హోటల్లోకి తీసుకెళ్ళాను. ఆడవాళ్ళిద్దరం అలాంటి హోటల్లో కూర్చోవడం అదే మొదలు. చాయ్, బిస్కట్లు చెప్పాను. అది బిస్కట్ చాయ్‌లో ముంచి పట్టుకుని అలాగే ఉండిపోయింది. మెత్తబడి కప్పులో పడిపోయింది.

"నీకు ఇష్టమేనా?" అన్నాను.

"ఇప్పుడడుగుతున్నరా అత్తమ్మా?"

అది చెంచాతో కప్పులోని బిస్కట్ తీసి సాసర్లో పెట్టింది. తర్వాత అదే మాట్లాడింది.

"వదిన మూడోసారి దవాఖానల పడుకున్ననాడు నెత్తురు బట్టలు నేనే పిండిన. నాకు జాలి లేదనుకోకుండ్రి. అడిగితే ఏమంటుంటినో నాకే తెల్వదు. ఔ అంటుంటినేమో. కాని అడగలే. ఒడిల పోసిన్రు. పోసినంక లేస్తే అన్ని కిందపడతయి."

"అయితే వద్దనొచ్చుగా, లాయరు చెప్పింది విన్నావుగా."

"వేరేటోళ్ళైతే వద్దని వాళ్ళింటికి పోతరు. నేనేడికి పోవాలె? వద్దన్న తెల్లారి గుడ మీకు చాయ్ నేనే ఇయ్యాలె." తర్వాత గొంతు తగ్గించింది. "ఇంకోటి చెప్త, తప్పనుకోకుండ్రి. మోసి, ఇచ్చిన అనుకోండ్రి. ఆ పిల్ల ప్రతి పండగకి మన ఇంటికే వస్తది. నన్ను అత్తా అంటది. నేను గారెలు పెట్టి పంపాలె. పైసలు తీసుకున్నామె మర్చిపోనీకి ప్రయత్నం జేస్తది. నాకు గదీ ఉండది."

మిద్దె మీది ఆమె జుట్టు ముడేసుకోవడం నా కళ్ళముందు కదిలింది. ఆమెను ఇంటి పైకప్పు తెచ్చింది. దీన్ని మా మమకారం తెచ్చింది. ఎవరిది ఎక్కువ ఇష్టమో తూచమంటే నేను తూచలేను. మిద్దె మీది ఆమెకు కనీసం ఒకరు వచ్చి, ఇది పని, ఇది కూలి, చేస్తావా అని అడిగారు.

ఇంటికి వస్తూ ఆటోలోనే నిర్ణయించుకున్నాను. అమ్మాయికి ఫోన్ చేసి, "మళ్ళీ అడుగు. చేతిలో ఏమీ పట్టుకోకుండా వచ్చి అడుగు" అన్నాను.

"ఒప్పుకుంది కదమ్మా?"

"ఒళ్ళో బరువు పెట్టి ఒప్పించాం. అది లెక్కకు రాదు."

"కాదంటే?"

"కాదంటే కాదు."

"నువ్వు నాకు అమ్మవా, దానికి అమ్మవా?" అని పెట్టేసింది. రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు. అల్లుడు ఒకసారి ఎత్తి, "అత్తయ్యగారూ, దారిలో పడ్డ పనిని మీరెందుకు కదుపుతున్నారు?" అన్నాడు మర్యాదగానే.

మే 7, ఆదివారం అమ్మాయి వచ్చింది. ఒట్టి చేతులతో వచ్చింది. నేను పీట తీయలేదు. ఇద్దర్నీ కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చోబెట్టాను. వీధి తలుపు తీసే ఉంచమన్నాను. అబ్బాయిని పాపతో కిందికి పంపాను. నాకూ అక్కడ ఉండాలనిపించలేదు కానీ ఉన్నాను.

అమ్మాయి ఒట్టి చేతుల్ని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మామూలు గొంతుతో, బజారులో ధర అడిగినట్టు, "నా బిడ్డని మోస్తావా?" అంది. పాదాలు పట్టుకున్నప్పటికంటే ఆ గొంతు నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కోడలు తల వంచుకుంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో అది ఔ అనాలని నేను లోపల కోరుకున్నాను. తలుపు తీసి ఉంచింది నేనే, అది బయటికి పోకూడదనుకున్నదీ నేనే.

"వద్దు వదినా," అంది. "ఇంకేదన్న చెప్పుండ్రి, చేస్త. గిది నాతోని కాదు."

అమ్మాయి తల ఊపింది. కోపం లేదు, ఏడుపూ లేదు. లేచి చెప్పులేసుకుంటూ నా వైపు చూసి, "దాని ఇష్టం దానికి దక్కింది, మంచిదే. నా ఇష్టం మాత్రం ఎప్పుడూ ఇంకొకరి ఒంట్లోనే ఉండాలి. దానికి నీ దగ్గర ఏదైనా పద్ధతి ఉంటే చెప్పమ్మా" అంది. నాలుగో మెట్టు మీద ఆగి కొంగుతో ముఖం తుడుచుకుని దిగిపోయింది.

అప్పటినుంచి అది నాంపల్లి రాలేదు. నెల మొదట్లో నాకు ఫోన్ చేస్తుంది. బీపీ మాత్రలు తెప్పించుకున్నావా అంటుంది, అన్నం తిన్నావా అంటుంది, పెట్టేస్తుంది. వేరే ఎవరైనా దొరుకుతారేమో అని అల్లుడు కొన్నాళ్ళు వాకబు చేశాడు. డబ్బు తీసుకోకుండా మోసే పరాయి మనిషి ఎక్కడుంటుంది? తీసుకుని తీసుకోలేదని చెప్పేవాళ్ళు ఉన్నారట. దానికి అమ్మాయి ఒప్పుకోలేదు.

అబ్బాయి ఆ ఎండాకాలమంతా భార్యతో ముక్తసరిగానే మాట్లాడాడు. ఏడాదిన్నర తర్వాత ఒకనాడు నాతో, "నువ్వు మళ్ళీ అడగమనకపోతే అది మోసేది. మోశాక అలవాటయ్యేది. ఇప్పుడు అక్క ఇంట్లో ఒక బిడ్డ పాకుతూ ఉండేది" అన్నాడు. నిజమే కావచ్చు. అలవాటైపోయినదాన్ని ఇష్టమని ఎన్నో ఇళ్ళలో పిలుచుకుంటున్నాం. నా పెళ్ళి కూడా అలా అయినదే, నేనేమీ చెడిపోలేదు. అయినా వాడికి ఔనని చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను.

కోడలు జూన్‌లో కొత్త బ్రాంచికి వెళ్ళింది. ఇప్పుడు దాని కింద ముగ్గురు పనిచేస్తున్నారు. పండగలొచ్చినప్పుడు గారెలకి పప్పు నానబోస్తూ, "వదిన వస్తదా అత్తమ్మా?" అని అడుగుతుంది. రాదని తెలిసీ నలుగురికి సరిపడా ఎక్కువ పోస్తుంది. రాత్రి ఆ గారెల్ని ఎవరూ తినరు.

ఆ బియ్యం డబ్బా పై అరలోనే ఉండిపోయింది. వండితే ఒప్పుకున్నట్టు, తిరిగిస్తే ఆడపడుచుని అవమానించినట్టు. వానలు వెళ్ళేసరికి పురుగు పట్టింది. నేను ఒక ఉదయం వాటిని సంచిలో పోసుకుని మొజంజాహీ మార్కెట్ దగ్గర పావురాలకు వేసి వచ్చాను. పసుపు బియ్యం మీద అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ వాలాయి. ఇంటికొచ్చి డబ్బా తోమి బోర్లించాను. ఇచ్చినవాళ్ళ గిన్నె ఉత్తది పంపకూడదు. అందులో ఏం పోసి పంపాలో నాకింకా తోచలేదు.

ఇప్పటికి పోయినవి ఇవి. ఒక మనవడో మనవరాలో. అమ్మాయి ఆదివారాలన్నీ. పాపకి మేనత్త. అబ్బాయి నా ముందు భార్యతో వేసే జోకులు. వియ్యపురాలు మా ఇంట్లో తినే భోజనం. ఆవిడ ఇప్పుడు కూతుర్ని షాపు దగ్గరే చూసి వెళ్ళిపోతుంది. కోడలికి నా మీద ఉన్న మునుపటి చనువు, అది ఎందుకు పోయిందో నాకు సరిగా తెలీదు. పసుపు బియ్యం, ఐదు దోసిళ్ళు. గర్భంలో పెట్టని నాలుగు పిండాలు ఉన్నచోటే ఉన్నాయి, వాటిని పోయినవాటిలో రాయాలో వద్దో తేలలేదు. స్టీలు డబ్బా ఒకటి మా ఇంట్లో ఉంది, మాది కాదు.